ఎనుములన్నీ ఆవులైన రోజులు

భీమరావు గారి కంప్యూటర్ కంపెనీ మదనపల్లెలో, బస్టాండు వెనక, ఒక టైలర్ షాపు మీద ఉండేది. కంపెనీ అంటే మూడు కంప్యూటర్లు, ఒక యూపీఎస్, ఒక భీమరావు, ఒక నేను. బోర్డు మీద మాత్రం 'సాఫ్ట్‌వేర్ సొల్యూషన్స్' అని రాయించాడు. ఆ బహువచనం ఎందుకో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు. మా దగ్గరున్నది ఒక్కటే, పాల సేకరణ కేంద్రాల కోసం పెర్ల్ అనే భాషలో రాసిన ప్రోగ్రాం. ఆ భాషే ఎందుకంటే, నాకు బాగా వచ్చింది అదొక్కటే. పైగా అది ఊరికే దొరుకుతుంది. ఈ రెండో కారణం భీమరావు గారిది.

నా పేరు రేవతి. కుప్పంలో ఎంసీయే చదివి 2003లో ఈ ఉద్యోగంలో చేరాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. నాకు తెలియనిది ఏదైనా ఉంటే అది తెలుసుకోదగ్గది కాదని నమ్మే వయసు.

మా ప్రోగ్రాం చేసే పని చిన్నదే. రైతు కేంద్రానికి పాలు తెస్తాడు. ఆపరేటరు ఆ రైతు నంబరు కొడతాడు. నంబరును బట్టి ఆ ఇంట్లో ఉన్నది ఆవా, ఎనుమా (మా వైపు గేదెను అలాగే అంటాం) అన్నది ప్రోగ్రాంకు తెలుస్తుంది. గిన్నెడు పాలు మిషన్ కింద పెడితే మిషన్ ఒక అంకె పంపుతుంది. అది పచ్చి అంకె. ఆవు పాలకైతే ఒక రకంగా, ఎనుము పాలకైతే ఇంకో రకంగా దాన్ని సవరిస్తేనే అసలు ఫ్యాటు, అంటే పాలలో వెన్న శాతం, ఎంతో తేలుతుంది. దాన్ని బట్టే పాల ధర. ఆ ఫ్యాటు ఒక చీటీ మీద అచ్చయి రైతు చేతికి వస్తుంది. ఆ పల్లెల్లో ఈ చీటీకున్న పరువు పదో తరగతి మార్కుల లిస్టుకు కూడా ఉండదు. ఎనుముకు ఫ్యాటు తగ్గిందంటే ఇంటికే ఏదో తగ్గినట్టు చూస్తారు.

2004 జూలైలో ఒక సోమవారం మా ఆఫీసుకు రెండు కాగితాలు వచ్చాయి. రెండూ గట్టుకిందపల్లె కేంద్రం గురించే. పుంగనూరు నుంచి సోమల పోయే బస్సెక్కి, క్రాసులో దిగి, రెండు కిలోమీటర్లు నడిస్తే వచ్చే ఊరు అది.

మొదటి కాగితం పాలు కొనే డెయిరీ వాళ్ళది. పది రోజులుగా చీటీల్లో ఫ్యాటు ఎక్కువ చూపిస్తోందట, ట్యాంకరులో చూస్తే అంత లేదట. శుక్రవారం సూపర్‌వైజర్ వస్తాడు, మీరూ వచ్చి సంజాయిషీ చెప్పుకోండి అని రాశారు. అంతకుముందు ఎనిమిది నెలలూ చీటీల్లో తక్కువ, ట్యాంకరులో ఎక్కువ ఉండేదని తర్వాత తెలిసింది. ఆ ఎనిమిది నెలల్లో వాళ్ళు ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు.

రెండో కాగితం ఊరివాళ్ళ అర్జీ. నలభై రెండు సంతకాలు, వేలిముద్రలు. పదిహేడో నంబరు పాపక్క బోణీ చేసిన పూట అందరి ఎనుముల ఫ్యాటు పడిపోతోంది, ఆమె చెయ్యి మంచిది కాదు, కాబట్టి ఆమె నంబరు శాశ్వతంగా కొట్టేయాలి అని దాని సారాంశం. దీని సంగతి కూడా శుక్రవారమే తేలుస్తారట.

భీమరావు గారు అర్జీ పైకి చదివి పడి పడి నవ్వాడు. నేనూ నవ్వాను. పాపక్క అన్న పేరు బుర్రలోకి ఎక్కాక నవ్వు ఆగిపోయింది.

ఆ కేంద్రంలో కంప్యూటరు పెట్టడానికి వెళ్ళినప్పుడు అక్కడ పది రోజులున్నాను. ఆపరేటరు హరీష్ పది రోజుల్లో నాకు ఒక్క టీ కూడా ఇప్పించలేదు. పక్కింటి పాపక్క రోజూ మధ్యాహ్నం రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టి కూర్చోబెట్టి తినిపించేది. ఆమెకు ఒక్క సీమావు, జెర్సీ రకం. ఒకప్పుడు కూలికి పోయేది, ఆవు వచ్చాక మానేసింది. నేను స్క్రీను మీద ఏం రాస్తున్నానో అడిగి, నేను చెప్పింది మొత్తం విని, "అంతా మన పలకల మాదిరే, రాసేది, తుడిపేది" అని తేల్చేసింది. నాకు కొంచెం కోపం వచ్చింది గానీ సంగటి బాగుంది.

ఆ కేంద్రంలో బోణీ ఆమెదే. 1998లో కేంద్రం తెరిచిన రోజు ప్రెసిడెంటు గారు ఎంతకూ రాకపోతే, చెంబు పట్టుకుని నిలబడి ఉన్న పాపక్కతో మొదటి పాలు పోయించారట. ఆ రోజు ట్యాంకరు వేళకు వచ్చింది, ఒక్క క్యాను పాలు కూడా విరగలేదు. అంతకుముందు ఆ ఊళ్ళో పెట్టిన రెండు కేంద్రాలు మూడు నెలలకే మూతపడ్డాయి గనుక, ఈమె చెయ్యి మంచిదని ఊరు నిర్ణయించింది. అప్పట్నుంచి పొద్దున, సాయంత్రం ఆమె పోసేదాకా ఎవరూ క్యాను మూత తీసేవాళ్ళు కాదు. ఊళ్ళో ఆమెకున్న గౌరవం అంతా ఆ మొదటి చెంబులో ఉండేది.

మరి అదే ఊరు ఇప్పుడు ఈ అర్జీ ఎందుకు రాసింది? హరీష్‌కు ఫోన్ చేస్తే కథంతా చెప్పాడు. కంప్యూటరు వచ్చినప్పట్నుంచే ఎనుముల ఫ్యాటు తగ్గిందట. మొదట్లో అందరూ కంప్యూటరునే తిట్టారు. అప్పుడు భీమరావు గారు స్వయంగా ఆ ఊరికి పోయి, కంప్యూటరు తప్పు చేయదు, చేస్తే మనుషులే చేయాలి అని అరగంట ఉపన్యాసం ఇచ్చి వచ్చాడు. ఊరివాళ్ళు మర్యాదస్తులు, ఆయన మాట నమ్మారు. నమ్మి, ఆ తప్పు చేసిన మనిషి ఎవరా అని వెతకడం మొదలుపెట్టారు.

జూన్ చివర పాపక్క కూతురి కాన్పుకని కలకడ పోయింది. ఆ నాలుగు రోజులూ గంగులప్ప మొదట పాలు పోశాడు. గంగులప్ప ఊళ్ళో పెద్ద రైతు, ఆరు ఎనుములు. ఆ నాలుగు రోజులూ అందరి ఫ్యాటూ లేచింది. ఆవులక్కూడా లేచింది. పాపక్క తిరిగొచ్చి బోణీ చేయగానే మళ్ళీ పడింది. ఊరివాళ్ళు తొందరపడలేదు. పొద్దున ఆమెతో, సాయంత్రం గంగులప్పతో పోయించి వారం రోజులు చూశారు. ప్రతిసారీ అదే ఫలితం. మా కాలేజీ లాబులో ఇంత పద్ధతిగా ప్రయోగం చేసిన వాళ్ళను నేను చూడలేదు. ఆ తర్వాత ఆమెను కేంద్రం మెట్టు ఎక్కనివ్వడం మానేశారు. ఆమె ఇప్పుడు నాలుగు కిలోమీటర్లు నడిచి వేరే ఊళ్ళో పోసి వస్తోందట. పోయిన వారం ఎవరో బిడ్డ పేరు పెట్టే కార్యానికి ఊరందరినీ పిలిచి ఆ ఒక్క ఇల్లు వదిలేశారట. హరీష్ ఇదంతా వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పాడు. నేను ఫోన్ పెట్టేసి అర్జీ మళ్ళీ మొదటినుంచి చదివాను.

మంగళవారం పొద్దున్నే పనిలో దిగాను. హరీష్ ఫోన్లో చదివిన పచ్చి అంకెలు రాసుకుని, గంగులప్ప నంబరు కొట్టి ప్రోగ్రాం నడిపాను. ఫ్యాటు సరిగ్గా వచ్చింది. మూసేసి, మళ్ళీ తెరిచి, పాపక్క నంబరు కొట్టాను. సరిగ్గానే వచ్చింది. ఇరవై మందివి ఇలాగే చూశాను. ఒక్కటీ తప్పు రాలేదు. ప్రతి పరీక్షకూ ప్రోగ్రాం మూసి తెరవడం మా ఆఫీసు ఆచారం. ఊరికే తెరిచి ఉంచితే యూపీఎస్ పాడవుతుందని భీమరావు గారి నమ్మకం.

తప్పు కచ్చితంగా ఆయన రాసిన భాగంలోనే ఉంటుందని నేను తీర్మానించుకున్నాను. ఆయన వేరియబుల్స్‌కు (విలువలు దాచే గూళ్ళకు) పెట్టే పేర్లు ఎక్స్‌వన్, ఎక్స్‌టూ, ఎక్స్‌టూ కొత్తది, ఎక్స్‌టూ అసలుది. మధ్యాహ్నం దాకా వాటిని తిట్టుకుంటూ చదివాను. చివరికి అనుమానం వచ్చి, పశువు ఏదో దాచుకునే వేరియబుల్ మీద పడ్డాను. దాని పేరు పశు. పెర్ల్‌లో ఒక వేరియబుల్ ముందు 'మై' అని రాస్తే అది చుట్టూ ఉన్న రెండు బ్రేసుల, అంటే మీసాల బ్రాకెట్ల, మధ్య పుట్టి ఆ బ్రేసుల మధ్యే ఉంటుంది. ప్రోగ్రాంలో వేరే చోట నుంచి దాన్ని చూడలేం, ముట్టుకోలేం. ఇది మంచి ఏర్పాటే. కానీ తప్పు వెతికేటప్పుడు మనకూ కనిపించదు. అందుకని దాని పక్కనే, అందులో ఏముందో స్క్రీను మీద చూపించే ప్రింటు లైను ఒకటి పెట్టి చూశాను. గంగులప్పకు 'ఎనుము' అని చూపింది. పాపక్కకు 'ఆవు' అని చూపింది. పెర్ల్ నన్ను ఎగతాళి చేస్తున్నట్టే అనిపించింది.

బుధవారం సెలవు పెట్టి, పలమనేరు మీదుగా బస్సులు మారి, కుప్పం పోయాను. అక్కడ మాకు పెర్ల్ చెప్పిన సుబ్బరాయుడు సార్ ఉన్నాడు. ఆయన పాఠం మాకు కాకుండా బోర్డుకు చెప్పేవాడు. రెండేళ్ళపాటు ఆయన్ను అనుకరించి క్లాసును నవ్వించడమే నా ప్రతిభ. ఆయనకు అది తెలుసేమోనని భయపడుతూనే ప్రోగ్రాం అచ్చుతీసిన లిస్టింగు చేతికిచ్చాను.

ఆయన రెండు పేజీలు తిప్పి, పరీక్ష చేసేటప్పుడు ఎన్ని క్యాన్లు పోస్తావని అడిగాడు. ఒకటి అన్నాను. ఊళ్ళో ఎన్ని పోస్తారని అడిగాడు. తొంభై దాకా అన్నాను. మూయకుండా రెండో క్యాను ఎప్పుడైనా పోసి చూశావా అన్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాత ఒక ఫ్లాపీ తీసి ఇచ్చాడు. అందులో ఒక మాడ్యూల్, అంటే మన ప్రోగ్రాంకు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం, ఉంది. నడుస్తున్న ప్రోగ్రాంలో ఏ సబ్‌రొటీన్ (ఒక్కో పని చేసే ముక్క, మేము సబ్ అంటాం) లోపలికైనా తొంగిచూసి, అది దాచుకున్న 'మై' వేరియబుల్స్‌లో ఏముందో చూపిస్తుందట. ప్రింటు పెట్టి చూశాను కదా సార్, పేరు అదే, విలువ సరిగ్గానే ఉంది అని నేను వాదించాను.

"మా వీధిలో మునిస్వాములు నలుగురుండారమ్మా. పోస్ట్‌మాన్ మాత్రం ఎప్పుడూ నన్నడిగే పోతాడు, యా మునిస్వామి అని. నువ్వు అడిగినావా?" అన్నాడు. తప్పు ఎక్కడుందో ఆయనకు అప్పటికే తెలిసిపోయిందని ముఖం చూస్తేనే అర్థమైంది. చెప్పలేదు. మాస్టర్లకు అదొక సరదా.

ఫ్లాపీకి ఎండ తగలకూడదని టిఫిన్ బాక్సులో పెట్టుకుని మదనపల్లె చేరాను. గురువారం పొద్దున భీమరావు గారు రాకముందే మాడ్యూల్ ఎక్కించాను. పాపక్క నంబరు కొట్టాను. సరైన చీటీ వచ్చింది. ప్రోగ్రాం మూయకుండా గంగులప్ప నంబరు కొట్టాను. ఏడు దాకా రావలసిన ఫ్యాటు అయిదున్నరకు పడిపోయింది.

ఎనిమిది నెలల తప్పు నా కళ్ళముందుంది. నా ప్రింటు లైను మాత్రం ఇంకా 'ఎనుము' అనే అంటోంది. అప్పుడు ఫ్యాటు సవరించే చిన్న సబ్ లోపలికి మాడ్యూల్‌తో తొంగిచూశాను. అక్కడ కూడా పశు అనే వేరియబుల్ ఉంది. అందులో 'ఆవు' అని ఉంది.

ఒకే పేరుతో రెండు వేరియబుల్స్. జరిగింది ఇది. ప్రతి క్యానుకూ నడిచే పెద్ద సబ్ ఒకటుంది. దాని కడుపులో, సవరణ చేసే చిన్న సబ్ ఉంది. పెద్ద సబ్ నడిచిన ప్రతిసారీ కొత్తగా ఒక పశు పుడుతుంది. కడుపులో ఉన్న చిన్న సబ్ మాత్రం ఒక్కసారే తయారవుతుంది. అది మొదటిసారి పుట్టిన పశును పట్టుకుని, ఇక దాన్నే చూస్తుంది. తర్వాత ఎన్ని కొత్తవి పుట్టినా దానికి తెలియదు. పొద్దున మొదట ఆవు వచ్చిందా, ఆ పూట ఊళ్ళో ఎనుములన్నీ ఆవులే. మొదట ఎనుము వచ్చిందా, ఆవులన్నీ ఎనుములే. కంప్యూటరు ఆపి సాయంత్రం మళ్ళీ వేస్తే, ఆ పూటకు మొదట ఎవరు పోస్తే వాళ్ళ పశువే లెక్క.

అంటే ఊరివాళ్ళు అర్జీలో రాసింది అక్షరాలా నిజం. బోణీని బట్టే ఫ్యాటు. మూఢనమ్మకమని నవ్విన ఇద్దరం ఎంసీయే, డిప్లొమా చదువుకున్నవాళ్ళం. నాకు నవ్వొచ్చింది. భీమరావు గారు ఇలాంటి పని ఎలా చేశాడా అని ఆ చిన్న సబ్ మొదలుకు స్క్రీను జరిపాను. అక్కడ, రాసినవాళ్ళు గుర్తుకోసం పెట్టుకునే కామెంటు ఒకటి ఉంది. 'నీట్ వెర్షన్, రేవతి, నవంబరు 14.'

నవ్వు అక్కడితో సరి. అది రాసిన రోజు కూడా గుర్తొచ్చింది. ఒక సబ్ కడుపులో ఇంకో సబ్ పెడితే చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని నేనే పెట్టాను. ఆ రోజు ప్రోగ్రాం మొదలైన ప్రతిసారీ స్క్రీను మీద ఒక వార్నింగ్ వచ్చేది. ఈ పశు వేరియబుల్ ఇద్దరికీ ఉమ్మడిగా నిలవదు అని, లైను నంబరుతో సహా, ఇంగ్లీషులో తేటగా చెప్పింది. భీమరావు గారు అదేమిటని అడిగాడు. అది ఊరికే వస్తుంది సార్, రైతులు చూస్తే భయపడతారు, ఆపేద్దాం అన్నాను. వార్నింగులు ఆపే మార్పు చేసింది నా చెయ్యే.

భీమరావు గారు వచ్చాక అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు, అది ఇంకా ఇబ్బందిగా అనిపించింది. చిన్న సబ్‌ను బయటికి తీసి, ప్రతిసారీ పశు విలువను దాని చేతికిచ్చేటట్టు మార్చెయ్, రేపు పోయి వోల్టేజీ సమస్య అని చెబుదాం అన్నాడు. మరి పాపక్క సంగతి ఏమిటని అడిగాను. ఆమె నంబరు మన సాఫ్ట్‌వేర్‌లో భాగం కాదన్నాడు. అలా కుదరదు, ఉన్నదున్నట్టు చెప్పాల్సిందే అని నేను పట్టుబట్టాను. అప్పుడు ఆయన జీవితంలో మొదటిసారి తెలివైన మాట ఒకటి అన్నాడు.

"ఉన్నదున్నట్టు చెబితే ఏమవుతుంది రేవతీ? మొదట పోసినామె వల్లే అందరికీ పడిపోయిందని చెప్పినట్టే గదా. వాళ్ళు అర్జీలో రాసింది అదే గదా."

సరిచేయడం పది నిమిషాల పని. చెప్పడం ఎలాగో తెలియక ఆ రోజంతా గడిచింది.

శుక్రవారం పొద్దున ఆరున్నరకు గట్టుకిందపల్లె చేరాం. సూపర్‌వైజర్ గోవిందస్వామి అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నలభై మంది క్యాన్లతో నిలబడి ఉన్నారు. పాపక్క లేదు. భీమరావు గారు వోల్టేజీ అని గొంతు సవరించుకునేలోగా నేను మొదలుపెట్టేశాను. సబ్ అన్నాను, వేరియబుల్ అన్నాను. నలభై ముఖాల్లో ఒక్కటీ కదల్లేదు. ఇక మామూలుగా చెప్పాను. ప్రోగ్రాం మొదట వచ్చిన పశువు ఏదో గుర్తుపెట్టుకుని, తర్వాత వచ్చినవాటినన్నిటినీ అదే అనుకుంది. పాపక్కది ఆవు. కాబట్టి మీ ఎనుములను కూడా ఆవులుగా లెక్కేసింది. గంగులప్పది మొదట వస్తే ఆవులను ఎనుములుగా లెక్కేసింది.

ఈసారి అందరికీ అర్థమైంది. నిన్న భీమరావు గారు హెచ్చరించినట్టే అర్థమైంది. అంటే మేము సెప్పింది నిజమే గదా అని ఒకాయన అన్నాడు. ఆయమ్మ బోణీ వల్లనే గదా అని ఇంకొకామె అంది. గోవిందస్వామి అర్జీ చేతిలోకి తీసుకుని పెన్ను మూత తీశాడు. గంగులప్ప కొంచెంసేపు ఆలోచించి, పెద్దమనిషిగా ముందుకొచ్చాడు.

"అట్లయితే దాన్ని నువ్వు సరిసేయొద్దులేమ్మా. ఉండేది ఉండనీ. మేము రోజూ ఎనుముతోనే బోణీ సేయిస్తాం."

వెనక అందరూ అది బాగుందన్నారు. ఆవులవాళ్ళు మరీ గట్టిగా అన్నారు. హరీష్ కూడా తల ఊపాడు. గోవిందస్వామి ఒక్కడే ట్యాంకరును తల్చుకుని దగ్గాడు.

నాకు ఒళ్ళు మండింది. వాళ్ళ మీద కాదు. వాళ్ళకు ఇలాంటి అవకాశం చేతికిచ్చింది నేను. కుర్చీ జరిపి లేచి నిలబడ్డాను.

"ఈ తప్పు రాసింది నేను. వేరే ఎవరూ కాదు. ఎనిమిది నెలల కిందట ఈ కంప్యూటరే నాతో చెప్పింది, ఈడ తప్పుండాది, సూసుకో అని. నేను దాని నోరు మూయించినాను. పాపక్క చేసింది ఒక్కటే, పాలు పోయడం. మీ అర్జీలో పేరు మార్చండి. పాపక్క పేరు కొట్టేసి నా పేరు రాయండి."

భీమరావు గారు గోడకున్న క్యాలెండర్ చూస్తున్నాడు. గోవిందస్వామి పెన్ను మూత పెట్టేశాడు. ప్రోగ్రాం సరిచేశానని, కావాలంటే ఇప్పుడే చూపిస్తానని, కానీ పాపక్క మొదట పోస్తేనే చూపిస్తానని చెప్పాను. ఈ ఒక్క పూటకు ఇంకెవరి ఆవన్నా సరిపోదా అని గంగులప్ప అడిగాడు. సరిపోదన్నాను. నిజానికి సరిపోతుంది. ఎవరి ఆవైనా ఒకటే.

పాపక్క అప్పటికే క్యాను నెత్తిన పెట్టుకుని పక్క ఊరి దారి పట్టింది. హరీష్ సైకిలేసుకుని పోయి తీసుకొచ్చాడు. ఆమె మెట్టు కింద ఆగిపోయింది. నేను కిందికి దిగి పోయి, చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాను. వచ్చింది గానీ నా వైపు చూడలేదు. పాలు పోసింది. చీటీ మూడు పాయింట్ ఆరు. తర్వాత గంగులప్ప పోశాడు. మిషన్ గుడగుడలాడింది, ప్రింటరు కిర్రుమంది. ఏడు పాయింట్ ఒకటి. తర్వాత ఒక ఆవు, మూడు పాయింట్ తొమ్మిది. తర్వాత ఎనుము, ఆరు పాయింట్ ఎనిమిది. చీటీలు ఒకరి చేతినుంచి ఒకరి చేతికి తిరిగాయి. గోవిందస్వామి అర్జీని నాలుగు మడతలు పెట్టి, కుంటుతున్న కుర్చీ కాలి కింద పెట్టాడు.

గంగులప్ప చాలా సంతోషించాడు. అందరి తరఫునా గొంతు పెంచి, రేపట్నుంచి బోణీ మళ్ళీ పాపక్కదే అని ప్రకటించాడు. అందరూ ఔనౌనన్నారు. ఆమెకేదో దానం చేసినంత తృప్తి వాళ్ళ ముఖాల్లో కనిపించింది.

"వద్దప్పా," అంది పాపక్క. గొంతు పెంచలేదు. "మీ మంచీ నా చెయ్యి కాదు, మీ చెడ్డా నా చెయ్యి కాదు. నా పాలు నా పాలుగా ఉంటే సాలు. వరసలో యాడొస్తే ఆడ పోస్తాను."

వరస కదిలింది. ఆమె పక్కకొచ్చి కొళాయి దగ్గర క్యాను కడుక్కుంటుంటే నేను వెనకే పోయాను. నాకు క్షమాపణ చెప్పడం అలవాటు లేదు. ఏదో చెప్పాను. నా వల్లే ఇన్నాళ్ళు నడవాల్సి వచ్చిందనీ, నన్ను తిట్టమనీ అన్నాను. ఆమె క్యాను బోర్లించి అప్పుడు నా వైపు చూసింది.

"ఆ మిషను ముందే సెప్పిందంటివి, నిజమేనా?"

నిజమేనన్నాను. నేనే విన్లేదన్నాను.

"నేను గూడా సెప్పినానమ్మా," అంది. "ఇంటింటికీ పోయి సెప్పినాను, నేనేమీ సేయలేదని. నాది గూడా ఎవురూ యిన్లేదు."

ఏడుపు ఆమెకు రాలేదు, నాకు వచ్చింది. ఆమె నన్ను ఓదార్చలేదు. ఓదార్చి ఉంటే నాకు తేలికయ్యేది, అందుకే చేయలేదేమో. క్యాను చంకన పెట్టుకుని ఇంటికి పోయింది.

సాయంత్రం పూట కూడా నడిచేది చూసి పోదామని నేను ఉండిపోయాను. అయిదున్నరకు జనం వచ్చారు. క్యాన్లు వరసగా నిలిచాయి. మొదటి చోటు ఖాళీగా ఉంది, ఎవరూ అందులో నిలబడలేదు. పాపక్క ఇరవై మూడో మనిషి. ముందుకు రమ్మని ఇద్దరు ముగ్గురు పిలిచారు. ఆమె ముందున్న వీపు వైపు చూస్తూ ఉన్న చోటే నిలబడింది. హరీష్ మూడుసార్లు గడియారం చూసుకున్నాడు. చివరికి గంగులప్పే దిక్కులు చూస్తూ పోయి మొదటి క్యాను పోశాడు.